ముప్పై ఏళ్ళు ఏ రోజు నుంచి

జూన్ 4

తమ్ముడూ,

నువ్వూ, మరదలూ, పిల్లా బాగున్నారనే అనుకుని మొదలుపెడుతున్నాను. బాగా లేకపోతే ముందు ఆ సంగతి రాసి, తరవాత ఇది చదువు.

మీ బావకి పన్ను పీకారు. మూడు రోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. ముప్పై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన మనిషి కదా, కావలసినవన్నీ కాగితం మీద బొమ్మలు వేసి చూపిస్తున్నాడు. నిన్న కాఫీ అడిగాడనుకుని ఇచ్చాను. ఆయన వేసింది దిండట.

అసలు సంగతికి వస్తాను. పోయిన సోమవారం మునిసిపల్ చైర్మన్ గారు మా రికార్డు గదికి వచ్చారు. ఈ గదిలో నాకు ఇరవై రెండేళ్ళు. ఒక చైర్మన్ ఆ గుమ్మం తొక్కడం ఇదే మొదలు. మీ నీళ్ళ కంపెనీతో ఊరు రాసుకున్న ఒప్పందం కావాలన్నారు. రెండు పూటలు వెతికితే ఇంటి పన్ను పుస్తకాల వెనక దొరికింది. అంచులు చెదలు తిన్నాయి గానీ గడువు రాసిన పేజీ జోలికి పోలేదు. చదువుకున్న చెదలు.

నీకు తెలియనిది కాదు. నీళ్ళ సరఫరా హక్కుని ఏ ఊరూ ఒక కంపెనీకి ముప్పై ఏళ్ళకి మించి రాసివ్వకూడదని చట్టం. నిండిన రోజున హక్కు ఊరికి తిరిగి రావాలి. మా లెక్కన వచ్చే మార్చి ముప్పై ఒకటికి నిండుతాయి. మీ కంపెనీ మాత్రం ఇంకా తొమ్మిదేళ్ళు ఉందని ఉత్తరం రాసింది. ఒప్పందంలో ‘సరఫరా మొదలైన నాటి నుంచి’ అని ఉంది. ఊళ్ళో చివరి వీధికి నీళ్ళు వచ్చిన రోజే సరఫరా మొదలైనట్టట. ఆ చివరి వీధి మన మూడో వీధేనట. అది జరిగింది తొమ్మిదో ఏడులోనట.

నా పెళ్ళికి ముందు మీ బావ మన ఇంటికి వచ్చినప్పుడు ఇంటి కుళాయి దగ్గరే కాళ్ళు కడుక్కున్నాడు. నా పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళు. మరి తొమ్మిదో ఏడు ఎక్కణ్ణించి వచ్చింది? మా గదిలో దానికి కాగితం లేదు. నీకేమైనా గుర్తుందా?

ఇంకొకటి. మన వీధిలో పైపు నెలకి రెండుసార్లు పగులుతోంది. మీ వాళ్ళు గుడ్డ చుట్టి పోతున్నారు. వచ్చే నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. ఎందుకు మార్చరు?

జవాబు పోస్టుకార్డు మీద రాసి తప్పించుకోకు.

నీ అక్క


జూన్ 15

అక్కా,

కార్డు కాదు, కవరే. సంతోషమేనా?

మేం ముగ్గురం బాగున్నాం. నా మోకాలు మాత్రం మెట్లెక్కేటప్పుడు తలుపు కిర్రుమన్నట్టు కిర్రుమంటోంది.

కుళాయి ఎప్పుడొచ్చిందో నాకు గుర్తులేదు. అప్పుడు నేను బడికి పోయేవాణ్ణి. ఆ తొమ్మిదేళ్ళ వాదన పై అంతస్తులో లాయర్లు తయారు చేసింది. నా దాకా రాలేదు.

పైపు సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఖాళీ చేయబోయే అద్దె ఇంటికి ఎవడైనా సున్నం వేయిస్తాడా? మీ ఊరికి నాలుగేళ్ళుగా ఒక్క గజం కొత్త పైపు కొనలేదు. కావాలని నేను రాసిన కాగితం నాలుగుసార్లు పైకి వెళ్ళి నాలుగుసార్లు కిందికి వచ్చింది. గడువు తేలేదాకా అంతే.

తేలితే మటుకు మంచి రోజులే. తొమ్మిదేళ్ళు కంపెనీకి దక్కితే ఊరంతా పైపులు మారుస్తారు. ఆ పనికి సూపరింటెండెంటుగా నన్నే పంపిస్తామని మా పెద్ద ఇంజినీరు మాటిచ్చాడు. పద్దెనిమిదేళ్ళ తరవాత మన ఊరు. నీ మరదలు అప్పుడే కిటికీలకి ఏ రంగు తెరలు కట్టాలో ఆలోచిస్తోంది. మీ చైర్మన్ గారిని ఎక్కువ పట్టుపట్టొద్దని చెప్పు. మీకు నీళ్ళు, నాకు ఊరు.

బావ బొమ్మ ఒకటి వేసి పంపమను, నేనూ ఏమిటో ఊహిస్తాను.

తమ్ముడు


జూలై 2

తమ్ముడూ,

నీ ఉత్తరం ఎప్పటిలాగే మీ బావకి పైకి చదివి వినిపించాను. నువ్వు వస్తావన్న మాట దగ్గర ఆయన చప్పట్లు కొట్టాడు. మన వెనక వీధిలో కుట్టుమిషను ఆమె ఇంట్లో పై భాగం ఖాళీగా ఉంది. రెండు గదులు, గాలి బాగా వస్తుంది. మెట్లు ఎక్కువ. నీ మోకాలు గుర్తొచ్చి మెట్లు లెక్కపెట్టాను. పదిహేడు. పరవాలేదు కదా?

ఇంత సంతోషంలోనూ నాకు మనసు ఒకచోట నిలవడం లేదు. ఆఫీసులో ఒక ఫైలు తీయబోయి ఇంకొకటి తీస్తున్నాను. నువ్వు రావాలంటే ఊరు ఇంకో తొమ్మిదేళ్ళు కంపెనీ చేతిలో ఉండాలి. ఊరు తన నీళ్ళు తను తీసుకుంటే నువ్వు అక్కడే ఉండిపోవాలి. అక్కగా ఒకటి కోరుకుంటున్నాను, గుమాస్తాగా ఇంకొకటి వెతుకుతున్నాను.

మునిసిపాలిటీకి ఒక లాయరు గారిని పెట్టారు. చిన్న విరామచిహ్నం దగ్గర కూడా ఆగి అరగంట వాదిస్తాడని ఆయన్ని అందరూ కామా లాయరు అంటారు. ఈ ముప్పై ఏళ్ళ అడ్డు ఎందుకు పెట్టారని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి, ‘ఆ రోజు కౌన్సిల్లో చెయ్యెత్తినవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది బతికున్నారమ్మా?’ అన్నాడు. ఇద్దరేనన్నాను. ‘వాళ్ళు తమ దాహానికి మాటివ్వొచ్చు. అప్పటికి పుట్టని వాళ్ళ దాహానికి ఎంతకాలమని మాటిస్తారు? ఎక్కడో ఒకచోట ఆపాలి కదా’ అన్నాడు. ఆ మాట నాకు ఎక్కింది. ఎక్కి దిగడం లేదు.

కౌన్సిల్ సమావేశం పదో తారీకున. ఏమవుతుందో రాస్తాను.

ఇక్కడ ఎదురుచూస్తున్న అక్క


జూలై 19

అక్కగారికి,

మీరు రాయక్కర్లేకుండానే సమావేశంలో ఏం జరిగిందో తెలిసింది. పేపర్లో వచ్చింది. ఒక వార్డు సభ్యుడు లేచి, ‘ఖాళీ చేయబోయే ఇంటికి సున్నం వేయరని కంపెనీ మనిషే ఒప్పుకున్నాడు, నాలుగేళ్ళుగా గజం పైపు కొనలేదు’ అన్నాడట. మా పెద్ద ఇంజినీరు ఆ ముక్క కత్తిరించి నా బల్ల మీద పెట్టాడు. నన్ను ఒకటే అడిగాడు. ‘మీ అక్కగారు ఎక్కడ పనిచేస్తారు?’

నా మాటలు, నా అక్షరాలు. మీ గదిలో ఏ ఫైల్లో పెట్టారో తెలియదు గానీ నంబరు వేసే ఉంటారు.

నన్ను ప్లానింగు నుంచి తీసేసి స్టోర్సులో పడేశారు. పాత మీటర్లు, పాత రిజిస్టర్లు, ఒక కిటికీ. సూపరింటెండెంటు పోస్టు మాట ఇంక ఎవరూ ఎత్తడం లేదు. కుట్టుమిషను ఆమెకి ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చుకోమని చెప్పండి.

ఇట్లు,
మీ తమ్ముడు


జూలై 27

తమ్ముడూ,

‘అక్కగారికి’ అన్న మాట చూసి ఎవరి ఉత్తరమో మా ఇంటికి వచ్చిందనుకున్నాను.

నీ ఉత్తరం ఏ ఫైల్లోనూ లేదు. నా చీరల పెట్టెలో అడుగున ఉంది. నేను ఆఫీసులో ఎవరికీ చూపించలేదు, చెప్పలేదు. జరిగింది ఇది. మీ బావ సెలూనుకి వెళ్ళాడు. పైపుల గురించి మాట వచ్చింది. పన్ను పీకినప్పుడు మూడు రోజులు మూసుకున్న బాకీ ఇంకా తీర్చుకుంటున్న నోరు కదా, నీ సున్నం మాట బయటపడింది. బాగుందని చెప్పాడట, నీ తెలివిని మెచ్చుకుంటూ. పక్క కుర్చీలో సబ్బు నురుగుతో కూర్చున్నది ఆ వార్డు సభ్యుడు.

నీ ఉత్తరం విన్నాక ఆయన కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. రెండు రోజులుగా అంతే. ఆయన తప్పే. పైకి చదివిన నాదీ తప్పే. తిట్టు, పడతాను. కానీ నేను నిన్ను అమ్ముకున్నాననుకోకు.

పై భాగం ఎవరికీ ఇవ్వొద్దని కుట్టుమిషను ఆమెకి చెప్పాను.

అక్క


ఆగస్టు 16

తమ్ముడూ,

జవాబు లేదు. రోజూ ఆఫీసు నుంచి వచ్చి ముందు కిటికీ అంచు చూస్తున్నాను, పోస్ట్‌మాన్ ఉత్తరాలు అక్కడే పెడతాడు. నువ్వు చదివి చింపేస్తున్నావో, చదవకుండానే చింపేస్తున్నావో తెలియదు. అయినా రాయాలి.

మీ బావకి పచ్చకామెర్లు. ఆసుపత్రిలో చేర్చి ఆరు రోజులైంది. ఆయన ఒక్కడే కాదు, మన వీధిలో పంతొమ్మిది మంది. పగిలిన పైపులోకి మురుగు దిగిందని హెల్త్ ఇన్‌స్పెక్టరు రాసిచ్చాడు. రెండు మంచాలకి ఒకరు కాపలా ఉంటున్నాం. పక్క మంచం మీద రొట్టెల కొట్టు ఆయన భార్య, నెలలు నిండిన మనిషి. ఆమెని చూస్తే నాకు భయం వేస్తోంది.

నిన్ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నాలుగుసార్లు కాగితం పైకి పంపింది నువ్వే. మీ బావ నిద్రలో కూడా నీ పేరే తలుస్తున్నాడు. అది చెప్పాలనిపించింది.

అక్క


సెప్టెంబరు 8

అక్కగారికి,

మీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకేసారి అందాయి. నా పాత సెక్షనులో ఉంచేశారు. కవర్లు విప్పి మళ్ళీ అంటించారు, జిగురు కూడా సరిగా పూయలేదు. ఇకమీదట మీ మరదలు పనిచేసే బడి చిరునామాకి రాయండి.

బావకి ఎలా ఉంది? ఆ రొట్టెల కొట్టు ఆవిడకి? వెంటనే రాయండి. రావాలనుకున్నాను, సెలవు ఇవ్వలేదు.

ఇంకో సంగతి. స్టోర్సులో నా బల్ల పక్కన ఇనప ర్యాకులు ఉన్నాయి. పని లేక దుమ్ము దులుపుతుంటే మన ఊరి వాల్వు పుస్తకాలు కనిపించాయి. ఏ వీధి వాల్వు ఏ రోజు మొదట తెరిచారో వాల్వు మనిషి రాసి సంతకం పెట్టే పుస్తకం. ఒకటో పుస్తకం, పదిహేడో పేజీ. మూడో వీధి, సరఫరా మొదలైన ఏడాదే, ఆగస్టు పదకొండు, ఉదయం ఏడు గంటలు. ఆఖరి వీధి అదే. ఊరంతా అయిదు నెలల్లోనే అయిపోయింది. తొమ్మిదో ఏడులో జరిగింది వేరు. సన్న పైపు తీసి లావు పైపు వేశారు. దాన్ని మా లాయర్లు కొత్త సరఫరా అంటున్నారు.

నాలుగో ర్యాకు, పైనుంచి రెండో అర.

నేను దొంగతనం చేయను. అబద్ధం ఆడను. ఈ రెంటికీ మధ్య నిలబడడానికి చోటెంతుందో చూస్తున్నాను.

తమ్ముడు


సెప్టెంబరు 17

తమ్ముడూ,

మీ బావ ఇంటికి వచ్చాడు. పిడికెడు మనిషి అయ్యాడు గానీ వచ్చాడు. రొట్టెల కొట్టు ఆయన భార్య బతికింది. బిడ్డ దక్కలేదు. ఆయన మూడు రోజులు కొట్టు తెరవలేదు. నాలుగో రోజు తెరిచి, ఎవరేం అడిగినా తలూపి పొట్లం కట్టి ఇస్తున్నాడట.

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. మీ బావకి కూడా. లాయరు గారు రోజూ ‘ఏదైనా పాత పుస్తకం దొరికిందా అమ్మా’ అని అడుగుతున్నారు. లేదండీ అంటున్నాను. కంపెనీ కోర్టుకి వెళ్ళింది, తొమ్మిదేళ్ళు తమవేనని తేల్చమని. నవంబరులో విచారణ.

ఒకసారి నా వల్ల నీ బల్ల పోయింది. రెండోసారి నీ ఉద్యోగం పోనివ్వను. నిశ్చింతగా ఉండు. నాకు మాత్రం నిశ్చింత లేదు. ఆసుపత్రి మీదుగా వెళ్ళాల్సి వస్తుందని ఆఫీసుకి చుట్టుతిరిగి పోతున్నాను.

అక్క


అక్టోబరు 6

అక్కా,

నీకు బుద్ధుందా? కోర్టు నుంచి సమన్లు వస్తాయని నెల రోజులుగా స్టోర్సు తలుపు వంక చూస్తూ కూర్చున్నాను. పేజీ నంబరు, ర్యాకు నంబరు, అర నంబరు రాశాను. ఎందుకు రాశాననుకున్నావు, చీరల పెట్టెలో దాచుకోమనా?

నేనై తెచ్చి ఇస్తే దొంగతనం. కోర్టు అడిగితే స్టోర్సు గుమాస్తాగా తెచ్చి ఇవ్వడం నా పని. ఆ ఒక్క తలుపు మీవైపు నుంచే తెరుచుకోవాలి. మీ కామా లాయరుకి ఈ రోజే చెప్పు. పోయిన వారం ఇద్దరు మనుషులు వచ్చి ర్యాకులు కొలుచుకుని వెళ్ళారు, చెత్త తీసేస్తారట.

ఆ బిడ్డ సంగతి నీ మరదలికి చెప్పలేదు. చెప్పకుండానే తెలిసింది, నా మొహం చూసి.

తమ్ముడు


అక్టోబరు 9

తమ్ముడూ,

ఉత్తరం అందిన గంటకి లాయరు గారింట్లో ఉన్నాను. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా కోర్టుకి బయలుదేరాడు, వెనక పరిగెత్తి ఇచ్చాను. సమన్లు వస్తాయి. ర్యాకు నంబరుతో సహా అడిగారు.

నువ్వు నోరు మూసుకోమంటున్నావని నేననుకున్నాను. ఇద్దరం ఒకరినొకరు కాపాడుకుంటూ ఊరిని ముంచేవాళ్ళం.

తిడితే తిట్టావు గానీ ‘నువ్వు’ అని తిట్టావు. అది చాలు.

విచారణకి నన్ను రావొద్దన్నారు లాయరు గారు, నేను కనిపిస్తే నీ మాటకి విలువ తగ్గుతుందట. ఇక్కడే ఉంటాను. ఎలా ఉంటానో అడక్కు.

అక్క


నవంబరు 24

అక్కా,

అయిపోయింది. వరసగా చెబుతాను.

సమన్లు వచ్చిన రోజు మేనేజరు పిలిచాడు. కుర్చీ చూపించాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నాకు కుర్చీ చూపించడం అదే మొదటిసారి. పుస్తకం చెదలు తినేశాయని రాసివ్వమన్నాడు. రాస్తే సూపరింటెండెంటు పోస్టు ఇంకా ఖాళీగానే ఉందన్నాడు. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చాను. అక్కా, నిజంగానే ఆలోచించాను. రెండు రోజులు. నువ్వు నన్ను గొప్పవాణ్ణి అనుకోకూడదని చెబుతున్నాను. ఆ రెండు రోజులూ ఇంట్లో పిల్ల లెక్కలు చెప్పమంటే విసుక్కున్నాను, నీ మరదలు మాట్లాడితే గోడ వైపు తిరిగాను. మూడో రోజు పొద్దున నీ మరదలు ఒకటే అంది: ‘ఏం రాసినా ఆ కాగితంతో బతకాల్సింది నువ్వు.’

పుస్తకాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా పాత తువ్వాలులో చుట్టి నేనే పట్టుకెళ్ళాను. జడ్జి గారు పదిహేడో పేజీ తిప్పి, రెండుసార్లు చదివి, వాల్వు మనిషి సంతకం నాకు తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. కంపెనీలో చేరిన కొత్తలో మన ఊరి వాల్వులన్నీ చూపిస్తూ నాకు పని నేర్పింది ఆయనే.

తరవాత కంపెనీ లాయరు లేచాడు.

“మీ అక్క మునిసిపాలిటీలో పనిచేస్తుంది కదా?”

“చేస్తుందండీ.”

“ఆమె చెబితేనే ఈ పుస్తకం వెతికారు కదా?”

“నేను వెతకలేదండీ. నన్ను తీసుకొచ్చి దాని పక్కన కూర్చోబెట్టింది కంపెనీయే.”

వెనక బెంచీల్లో నవ్వారు. నేను నవ్వించాలని అనలేదు. తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని బోనులోంచి దిగాను.

తిరిగి వచ్చేసరికి సస్పెన్షను కాగితం గుమ్మంలో ఉంది. పుస్తకం తీసుకెళ్ళే ముందు పై అధికారి సంతకం తీసుకోలేదట.

తీర్పు ఎప్పుడో తెలియదు. బావ సరిగా తింటున్నాడా?

తమ్ముడు


ఫిబ్రవరి 20

తమ్ముడూ,

నిన్న తీర్పు వచ్చింది. పైపు మార్చినంత మాత్రాన సరఫరా కొత్తగా మొదలైనట్టు కాదన్నారు. అలా అనుకుంటే పైపు మార్చినప్పుడల్లా ముప్పై ఏళ్ళు మళ్ళీ మొదలవుతాయి, చట్టానికి అర్థమే ఉండదన్నారు. మార్చి ముప్పై ఒకటితో కంపెనీ హక్కు సరి. పై కోర్టుకి వెళ్ళబోమని కంపెనీ రాసిచ్చింది. లాయరు గారు తీర్పు నకలు మా గదికి తెచ్చి ఇచ్చారు. నంబరు వేసి ఫైల్లో పెట్టాను.

అందరూ నాకు చేతులు కలుపుతున్నారు. నాకు మాత్రం నువ్వు కంపెనీ క్వార్టర్సు ఎప్పుడు ఖాళీ చేయాలన్నదే బుర్రలో తిరుగుతోంది. చైర్మన్ గారిని అడిగాను. కొత్త నీళ్ళ శాఖకి పోస్టులు మంజూరు కావడానికి ఏడాది పడుతుందన్నారు. ఆయన తల దించుకున్నారు, నేనూ దించుకున్నాను.

మీ బావ నీకు ఉత్తరం రాయాలని కూర్చుంటాడు, లేస్తాడు. ‘నా నోటితో పోయింది, నా చేత్తో ఏం రాయను’ అంటున్నాడు.

అక్క


ఏప్రిల్ 9

తమ్ముడూ,

ఊరు తన నీళ్ళు తను తీసుకుని తొమ్మిది రోజులు. అందులో నాలుగు రోజులు చుక్క రాలేదు.

కంపెనీ వాళ్ళు తాళాలు ఇచ్చారు గానీ వాల్వులు ఎక్కడున్నాయో చూపించే పటాలు ఇవ్వలేదు, పాడైపోయాయన్నారు. రోడ్ల ఇంజినీరుని పంపారు మావాళ్ళు. ఆయన ఒకటి తిప్పితే అటు వీధికి ఆగింది, ఇంకొకటి తిప్పితే పోస్టాఫీసు ముందు రోడ్డు పగిలి నీళ్ళు పైకి ఎగిశాయి. మన వీధిలో కొత్త పైపు కోసం తవ్విన గొయ్యి అలాగే ఉంది. జనం బకెట్లు పట్టుకుని ఆఫీసుకి వచ్చారు. నిన్న కుట్టుమిషను ఆమె నా మొహం మీదే అంది, ‘మురికివైనా అప్పుడు వచ్చేవి కదమ్మా’ అని. చట్టం ఎప్పుడు ఆపాలో చెప్పింది గానీ మర్నాడు కుళాయి ఎవరు తిప్పాలో చెప్పలేదు.

ఇక్కడ నీకివ్వడానికి ఉద్యోగం లేదు. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు. రమ్మని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను. మన ఊరి పైపులు తెలిసినవాడివి నువ్వొక్కడివే.

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

ఇది బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను, నాకంటే ఒక రోజు ముందు చేరితే చాలు.

నేను వచ్చేదాకా ఎవరూ ఏ వాల్వూ తిప్పొద్దని చెప్పు. ఆ ఇంజినీరు గారికి మర్యాదగా చెప్పు, ఆయన తప్పు లేదు. పోస్టాఫీసు మెట్ల కింద ఉన్న పెద్ద వాల్వు ఎదురు మర. మూసే వైపు తిప్పితే తెరుచుకుంటుంది. అది తెలియక ఒత్తిడి అంతా ఆ రోడ్డు కిందికి తోశారు. ముందు దాన్ని సరిచేయాలి, తరవాత మూడో వీధి.

రేపు మొదటి బస్సుకి దిగి నేరుగా పోస్టాఫీసు దగ్గరికే వస్తాను, ఇంటికి తరవాత. నీ మరదలూ పిల్లా బడి సెలవులు ఇచ్చాక సామానుతో వస్తారు. ఉద్యోగం సంగతి ఇప్పుడు మాట్లాడకు.

ఒక పొడుగు గడ్డపారా, పాత గుడ్డలూ, టార్చీ కావాలి. మెట్ల కింద పగలు కూడా చీకటే. బావని కూడా తీసుకురా. నేను కిందికి దిగినప్పుడు టార్చి కదలకుండా పట్టుకునే మనిషి కావాలి.

తమ్ముడు